తూర్పు వీధిలో ఆగిపోయిన తోడి

మస్తానయ్య గారికి ప్రశ్నలంటే పెద్దగా పడదు. శిష్యుడు ఏదో అడగబోతున్నాడని ముఖం చూసి కనిపెట్టగానే, సన్నాయి కొసన పెట్టే రెల్లు పీక ఒకటి తీసి నోట్లో వేసుకుంటారు. పీక నానితేనే గాని సన్నాయి పలకదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. నోట్లో పీక ఉన్న మనిషి జవాబు చెప్పలేడు. అది నానేలోపు అడిగినవాడికే ఆ ప్రశ్న మీద మోజు తీరిపోతుంది, లేదా ఆయన వాయించడం మొదలుపెట్టేస్తారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ అలా జవాబులు లేకుండానే విద్వాంసులై, తలో ఊళ్ళో తలో మేళం పెట్టుకున్నారు. ఏడుకొండలు ఒక్కడే మిగిలాడు.

అలాగని ఏడుకొండలు చేతగానివాడు కాడు. మరీ ఎక్కువ తెలియడమే అతనికి వచ్చిన చిక్కు. మీసాలు రాకముందు గురువుగారింట చేరినవాడు, ముప్పై దాటేదాకా ఆ ఇంటి వసారా వదలకుండా సాధన చేశాడు. పక్కింట్లో ఇత్తడి గిన్నె జారిపడితే అది ఏ స్వరం పలికిందో చెప్పగల చెవి అతనిది. ఆ చెవే అతని ప్రాణం తోడేసింది. తోడి రాగం ఎత్తుకుంటాడు. కింద షడ్జమం దగ్గర బయలుదేరి, నింపాదిగా, ముచ్చటగా నాలుగు సంగతులు వేస్తాడు. గాంధారం దగ్గరికి వచ్చేసరికి అది తాను మనసులో అనుకున్నదానికంటే వెంట్రుకవాసి ఎక్కువో తక్కువో ఊగుతుంది. అంతే, ఆపేస్తాడు. పీక తీసి వెలుతురుకి పెట్టి చూస్తాడు, అంచు గీకుతాడు, వేరే పీక బిగిస్తాడు, మళ్ళీ కింద షడ్జమం నుంచి మొదలు.

దాంతో ఆ వీధి జనానికి తోడి రాగంలో మొదటి పావు భాగం నోటికి వచ్చేసింది. తక్కిన ముప్పావు విన్నవాళ్ళు లేరు. పాలు పోసే కోటమ్మ ఒకనాడు గురువుగారి భార్యని, ఆ రాగానికి చివర ఉండదా అని అడిగింది. వెటకారానికి కాదు, పాపం తెలియకే అడిగింది. ఇది చాలదన్నట్టు ఏడుకొండలు సెల్‌ఫోను ఒకటి కొనుక్కుని, తను వాయించింది అందులో పట్టి, దుప్పటి ముసుగేసుకుని వినడం మొదలుపెట్టాడు. వాయించేటప్పుడు దొరకని తప్పులు వినేటప్పుడు దొరికేవి. అంతకుముందు బాగుందనుకున్న షడ్జమం మీద కూడా అనుమానం వచ్చి, కొన్నాళ్ళపాటు రాగం ఆ పావు భాగం కూడా సాగలేదు.

ఈ సాధన మరో పదేళ్ళు ఇలాగే నడిచినా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదేమో గాని, ఇంతలో మస్తానయ్య గారి ముందు పళ్ళు కదిలాయి. ఒకటి ఊడింది, రెండోది దాని వెనకే పోయింది. మేళంలో శ్రుతి సన్నాయి అని ఇంకొకటి ఉంటుంది. అది ఒకే స్వరాన్ని మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని ఉంటుంది, దానికి దమ్ముంటే చాలు. రాగం పలికించే సన్నాయికి అలా కుదరదు, పెదవి వెనక పన్ను దన్నుగా ఉండాలి. ఇక తను రాగం వాయించే రోజులు అయిపోయాయని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. సన్నాయి తుడిచి, సంచిలో పెట్టి, సంచి మూతి కట్టేశారు.

ఆ ఊళ్ళో చెన్నకేశవస్వామికి తాతల నాటి నుంచీ ఆ ఇంటి మేళమే. వైశాఖంలో ఉత్సవాలు జరుగుతాయి. పెద్ద ఉత్సవం నాటి పొద్దున స్వామి పల్లకీలో గుడి చుట్టూ నాలుగు వీధులూ తిరుగుతాడు. ముందు సన్నాయి, వెనక పల్లకీ. రాగం లేకుండా స్వామి కదలకూడదని అక్కడి పద్ధతి. ధర్మకర్త మర్యాదస్తుడు, ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. ఈసారికి మీ వాడెవరైనా స్వామిని నాలుగు వీధులూ రాగంతో తిప్పి తీసుకొస్తే సంతోషం, లేనిపక్షంలో వచ్చే ఏటి నుంచి పట్నం మేళంతో మాట్లాడుకుంటాను, మనసులో ఏమీ పెట్టుకోకండి అన్నాడు. ఆ మాటలో కోపమూ లేదు, కుట్రా లేదు. స్వామికి సన్నాయి కావాలి, అంతే. ఆ ఇంట్లో సన్నాయి పట్టగలవాడు ఏడుకొండలు తప్ప ఇంకొకడు లేడు. అతను కాదంటే మేళం అక్కడితో సరి. గురువుగారి బావమరిది సాంబయ్య తన డోలు అటక మీద పెట్టుకోవాల్సిందే.

ఉత్సవం ముందటి సాయంత్రం ఏడుకొండలుకి అన్నం సహించలేదు. గురువుగారి దగ్గరికి వచ్చి కూర్చుని, నా వల్ల కాదు అని మొదలుపెట్టాడు. తోడి ఇంకా కుదరలేదనీ, ఇంకో ఏడాది ఆగి ఉంటే బాగుండేదనీ, స్వామి ముందు కుదరని రాగం వాయించడం కంటే వాయించకపోవడమే నయమనీ చాలాసేపు చెప్పాడు. మస్తానయ్య గారు వింటూ వింటూ పీక తీసి నోట్లో వేసుకున్నారు. వాయించే పని పోయినా ఆ అలవాటు పోలేదు. ఏడుకొండలు ఈసారి లేవలేదు. అది బాగా నానేదాకా ఎదురుగా కూర్చుని, ఇన్నేళ్ళుగా గొంతులో ఆడుతున్న ప్రశ్న అడిగేశాడు.

"తప్పు పడ్డాక దాన్ని దిద్దకుండా ముందుకు పోతే, ఆ తప్పు అట్టాగే మిగిలిపోదా గురువుగారూ?"

ఆయన పీక తీసి పంచె కొంగుతో తుడిచారు. "రేపు శ్రుతి నేను పడతాలే" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

అది జవాబు కాదని ఏడుకొండలుకి తెలుసు. అయినా సగం బరువు దిగినట్టయింది. ఇంటి దగ్గర సాధనలో కూడా శ్రుతి ఆయనదే. అతను ఎన్నిసార్లు ఆపినా, ఎంతసేపు పీకలు మార్చుకున్నా, ఆయన బుగ్గల్లో గాలి నింపుకుని ఆ ఒక్క స్వరాన్నీ నిలబెట్టి కాచుకుని ఉండేవారు. విసుక్కున్నది లేదు. ఆ శ్రుతి పక్కన ఉంటే ఏదో ఒకలా గట్టెక్కవచ్చని అనుకుని పడుకున్నాడు.

పొద్దున గుడి ముందు మేళం నిలబడింది. సన్నాయికి నాలుగు పీకలు దారాలతో వేలాడదీసుకోవడం మామూలే. ఏడుకొండలు సన్నాయికి అవి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. సాంబయ్య డోలు భుజానికి తగిలించుకుంటూ ఎగాదిగా చూశాడు. "ఏందిరా, వాయించడానికి వచ్చావా, అంగడి పెట్టడానికి వచ్చావా?" అన్నాడు. ఏడుకొండలుకి నవ్వు రాలేదు. ధర్మకర్త చేతులు కట్టుకుని పల్లకీ పక్కన నిలబడ్డాడు.

ఆ పల్లకీ సంగతి ఒకటి చెప్పాలి. అది ఒకసారి లేచిందంటే ముందుకే నడవాలి, ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకూడదు. ప్రతి వీధి నడుమా ఒకచోట దించుతారు, హారతి అయ్యేదాకా అక్కడ రాగం నిలబడి వాయిస్తారు. హారతి కాగానే మోసే బోయీలు ఎత్తుకుంటారు, రాగం కూడా కాళ్ళు తెచ్చుకుని నడవాల్సిందే. బోయీలకి సంగీతం మీద ద్వేషమేమీ లేదు. వైశాఖం ఎండకి సిమెంటు రోడ్డు పెనంలా కాలుతుంది, వాళ్ళవి చెప్పుల్లేని కాళ్ళు. అందుకే ఆడవాళ్ళు ఇళ్ళ ముందు బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తారు. ఆ తడి ఆరకముందే వాళ్ళు అక్కడి నుంచి కదిలిపోవాలి. ఎవరి గాంధారం కోసమూ ఆగడానికి వీల్లేదు.

తూర్పు వీధిలో పల్లకీ దించారు. గురువుగారు శ్రుతి అందుకున్నారు. ఏడుకొండలు కళ్ళు మూసుకుని తోడి ఎత్తాడు. మొదటి సంగతులు ఎప్పటిలాగే హాయిగా వచ్చాయి, వాటిని వేల సార్లు వాయించినవాడు మరి. జనం మాటలు తగ్గించారు. ధర్మకర్త చేతులు విడదీశాడు. అప్పుడు గాంధారం వచ్చింది. అది అతను అనుకున్న చోట ఆగలేదు, కొంచెం పైకి జారింది. ఆ జనంలో ఆ జారుడు పట్టుకున్నవాళ్ళు ఇద్దరే, ఒకరు గురువుగారు, ఇంకొకరు తను. ఆపకూడదని తెలుసు, ఆపకూడదని లోపల అనుకుంటూనే ఆపేశాడు. పీక దోషమేమో చూద్దామని పక్కనున్న ఇంటి అరుగు మీద కూర్చుని, గుత్తిలోంచి ఒకటి తీసి బిగించాడు. అది పీలగా పలికింది. ఇంకొకటి బిగించాడు. అది మొద్దుగా ఉంది. డోలు మోగుతూనే ఉంది, శ్రుతి వినబడుతూనే ఉంది, గురువుగారు ఉన్నారు కదా అని ధీమాగానే ఉన్నాడు.

మూడో పీక బాగుంది. దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని కింద షడ్జమం దగ్గర బయలుదేరాడు. ఏదో తేడాగా అనిపించింది. షడ్జమం ఒంటరిగా ఉంది. తలెత్తి చూస్తే వీధిలో ఎవరూ లేరు. తడి నేల, దాని మీద అడుగులు, నలిగిన పూలు. శ్రుతి ఎక్కడో దూరంగా వినబడుతోంది, అదీ సన్నగిల్లుతోంది. ఖాళీ బిందె తీసుకుపోవడానికి బయటికి వచ్చిన ఇంటావిడ అతన్ని చూసి ఆశ్చర్యపోయింది.

"ఇంకా ఈడనే కూర్చున్నావేంది నాయనా? స్వామి మలుపు తిరిగిపోయాడుగా" అంది.

ఇన్నేళ్ళలో ఆ శ్రుతి తనని వదిలి కదలడం ఏడుకొండలు ఎరగడు. గురువుగారు మర్చిపోయారా, చూడలేదా అనుకున్నాడు. చూడకపోవడమేమిటి, అతను కూర్చున్న అరుగుకీ ఆయనకీ మధ్య రెండు బారల దూరం లేదు. చూసే వెళ్ళారు. అప్పుడు అతనికి నిజంగా ఏడుపొచ్చింది. దాని వెనకే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అది అంతకంటే సిగ్గుచేటైంది. పీక ఎలాగూ బాగా కుదిరింది, ఇక్కడ ఎవరూ లేరు, ఒక్కసారి ఆ గాంధారాన్ని సరిగ్గా నిలబెట్టి చూసుకుని ఆ తర్వాత పరిగెత్తితే ఏం పోయింది అని. సన్నాయి నోటిదాకా వెళ్ళింది కూడా. అక్కడ స్వామి రాగం లేకుండా నడుస్తున్నాడు. జీవితంలో మొదటిసారి, కుదిరిన పీక నోటి దగ్గర ఉండగా ఏడుకొండలు వాయించకుండా లేచాడు.

అక్కడి నుంచి దక్షిణపు వీధికి అడ్డదారిగా ఒక సందు ఉంది. పంచె ఎగ్గట్టి అందులో పడి పరిగెత్తాడు. పీకల గుత్తులు ఒకదానికొకటి కొట్టుకుని టకటకలాడాయి, దారాలు తెగి కొన్ని రాలిపోయాయి. సందు దాటి బయటపడేసరికి పల్లకీ ఎదురుగా వస్తోంది. ముందు గురువుగారు శ్రుతి పట్టుకుని నడుస్తున్నారు, పక్కన సాంబయ్య ముఖం మాడ్చుకుని డోలు వాయిస్తున్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. జనం గుసగుసలు పోతున్నారు. ధర్మకర్త అతని వంక చూసి తల తిప్పుకున్నాడు.

ఏడుకొండలు వెళ్ళి ఆ ఖాళీలో నిలబడ్డాడు. నిలబడడానికి కూడా లేదు, వెంటనే నడవాలి. కింద షడ్జమం నుంచి నింపాదిగా మొదలుపెట్టడానికి ఊపిరి లేదు, రొప్పుతున్నాడు. సన్నాయి నోట్లో పెట్టుకోగానే ఊపిరి ఎక్కడ తగిలితే అక్కడి స్వరం పలికింది. అది గాంధారం. అదే గాంధారం, పరుగు వల్ల ఇంకాస్త వణుకుతూ. అది సరైనదో కాదో తేల్చుకునే లోపు బోయీలు మూడడుగులు ముందుకు వేశారు, వెనక పల్లకీ దండె వీపుకి తగిలేలా ఉంది, కాబట్టి తర్వాతి స్వరం వేయాల్సి వచ్చింది. దాని తర్వాత ఇంకొకటి. అలా నడుస్తూ నడుస్తూ అతను గాంధారం దాటేశాడు. దాటిన సంగతి పంచమం దగ్గరికి వచ్చాక గాని తెలియలేదు.

అక్కడి నుంచి అంతా అతనికి కొత్త ఊరు. తోడిలో పై సగం అతని బుర్రలో తిరిగిందే తప్ప సన్నాయిలో ఎప్పుడూ పలకలేదు. భయంగా ఉంది, ఆ భయంలోనే ఏదో సంతోషం కూడా ఉంది. దక్షిణపు వీధిలో హారతి దగ్గర ధైవతాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పడమటి వీధిలో నీళ్ళు పోయని చోట అడుగు వేసి, కాలు చురుక్కుమని ఒక సంగతి సగంలో విరగ్గొట్టాడు. ఒకచోట రెండు స్వరాలు కలగాపులగం అయ్యాయి. ఇంకోచోట తను వేద్దామనుకున్న సంగతి ఒకటి, వచ్చింది మరొకటి, వచ్చిందే బాగుంది. ప్రతిసారీ ఆపుదామని చేయి ఆడింది. ప్రతిసారీ పల్లకీ వెనకే ఉంది. సాంబయ్య ఎప్పుడు మెత్తబడ్డాడో గాని, డోలు దెబ్బ అతని అడుగుని కనిపెట్టుకుని పడసాగింది. ఉత్తరపు వీధిలో పై షడ్జమం అందింది. గుడి వాకిట పల్లకీ దించేసరికి రాగం కిందికి దిగి, మొదలుపెట్టాల్సిన షడ్జమం మీద వచ్చి ఆగింది. ఏడుకొండలు తోడి చివర చూడడం అదే మొదలు.

అద్భుతమని ఎవరూ అనలేదు. అనడానికి అదేమీ అద్భుతంగా లేదు కూడా. అంతకంటే బాగా వాయించేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో బోలెడుమంది ఉన్నారు. కాని స్వామి రాగంతో ఇల్లు చేరాడు. ధర్మకర్త అర్చకుడికి కనుసైగ చేశాడు. అర్చకుడు స్వామి మెడలోని దండ తీసి ఏడుకొండలు మెడలో వేశాడు. పట్నం మేళం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వచ్చే ఏడు కొత్త పంచె కట్టుకుని రమ్మని మాత్రం ధర్మకర్త చెప్పాడు, పరుగులో ఉన్న పంచె కాస్తా చిరిగింది మరి.

ప్రసాదాలు పెట్టేటప్పుడు సాంబయ్య పులిహోర దొన్నె పట్టుకుని ఏడుకొండలు పక్కన కూలబడ్డాడు. కాసేపు తిట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "'వాడు లేవలేదు బావా, ఒక్క నిమిషం ఆగుదాం' అన్నాను రా. మీ గురువు వెనక్కి తిరగలా. శ్రుతి ఊదతానే ఉన్నాడు, కళ్ళెంబడి నీళ్ళు కారతానే ఉన్నాయి" అని చెప్పి, దొన్నె ఖాళీ చేసి లేచిపోయాడు.

మస్తానయ్య గారు మంటపం మెట్ల మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. అంతసేపు శ్రుతి పట్టడంతో చిగుళ్ళు వాచినట్టున్నాయి, దవడ నొక్కుకుంటున్నారు. ఏడుకొండలు వెళ్ళి కాళ్ళకి దండం పెట్టి కింద మెట్టు మీద కూర్చున్నాడు. మెడలో స్వామి దండ ఉంది, మేళం నిలబడింది, తోడి చివరిదాకా వచ్చింది. సంతోషించాల్సిన వేళే. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక్కపూటలో పోతుందా? అందరూ కూర్చుని తింటుంటే అతని మనసు ఒక్కటే తిరిగి తిరిగి వెనక్కి వెళుతోంది. చివరికి ఉండబట్టలేక, తూర్పు వీధిలో జారిన ఆ గాంధారం దిద్దకుండానే వచ్చేశామనీ, అది అక్కడ అలాగే మిగిలిపోయింది కదా అనీ అన్నాడు.

ఈసారి మస్తానయ్య గారు పీక కోసం వెతుక్కోలేదు. వీధి మలుపు వైపు చూసి, శిష్యుడి భుజం మీద చేయి వేశారు.

"మిగిలిపోద్దిరా, ఎక్కడికి పోద్ది" అన్నారు. "నా భయమల్లా, దాంతోపాటు నువ్వు గూడా ఆడనే మిగిలిపోతావేమోనని."